మూటా ముల్లె కట్టి అల్గాంక్విన్ నీటిదారిలో

కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో అల్గాంక్విన్ అనే పెద్ద అడవి ఉంది. 1893లో దాన్ని పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం 7,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. మా కోలార్ జిల్లాకు ఇంచుమించు రెండింతలు. దక్షిణపు కొసన హైవే 60 అనే తారురోడ్డు ఒకటి పోతుంది. కార్లలో వచ్చేవాళ్లు ఆ రోడ్డు పక్కనే గుడారాలు వేసుకుంటారు. ఇంకా లోపలికి పోవాలంటే కాలినడకన పోవాలి, లేదా పడవెక్కి తెడ్డు వేసుకుంటూ పోవాలి. లోపల కొట్టు లేదు, కరెంటు లేదు, చాలాచోట్ల ఫోను పలకదు. కావలసినవన్నీ పడవలోనే పెట్టుకోవాలి. ఒక సరస్సుకూ ఇంకో సరస్సుకూ మధ్య నేల అడ్డం వస్తే సామానుతోపాటు పడవనూ భుజాన వేసుకుని నడవాలి. కోలార్ బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో పుట్టి పెరిగి, అక్కడే పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన నాకు, మా అమ్మాయీ అల్లుడూ పూనుకోవడం వల్ల ఈ ప్రయాణం దక్కింది.

ఊరికి తిరిగొచ్చాక అందరూ ఎలుగుబంట్ల గురించే అడిగారు. నాకైతే సామాను గురించి చెప్పాలనిపిస్తోంది. ఏం తీసుకెళ్లాం, ఏం వద్దనుకున్నాం, ఏం తిరిగి తెచ్చుకున్నాం అన్నదే ఆ ప్రయాణంలో నాకు పెద్ద పాఠం. గనుల ఊళ్లో పెరిగినవాణ్ణి కాబట్టి ఆ పాఠం ఇంకాస్త లోతుగా దిగింది.

టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో మా అమ్మాయి వాళ్లింటి హాల్లో కుర్చీలన్నీ గోడకు జరిపి సామానంతా నేలమీద పరిచారు. మా అమ్మాయి దాన్ని మూడు కుప్పలు చేసింది. మొదటిది ప్రాణానికి కావలసింది, రెండోది ఒంటికి, మూడోది మనసుకు. ఏ వస్తువు చేతికి తీసుకున్నా, "నాన్నా, ఇది లేకపోతే గడవదా, ఉంటే బావుంటుందా?" అని అడిగేది. గడవదంటే కుప్పలోకి, బావుంటుందంటే పక్కకు. ఆ పక్కకు పోయినవాటిలో నేను ఊరినుంచి మోసుకొచ్చిన స్టీలు డబ్బాలున్నాయి, మడత కుర్చీ ఉంది, లావుపాటి పుస్తకాలున్నాయి.

మొదటి కుప్పలో అన్నిటికన్నా పైన లైఫ్ జాకెట్లు పెట్టారు. పడవలో ఎంతమంది ఉంటే అన్ని ఉండాలని అక్కడి చట్టం. నీళ్లలో తేలే తాడు కనీసం 15 మీటర్లది, పడవలోకి చేరిన నీళ్లు తోడటానికి ఒక డబ్బా, ఈల కూడా ఉండి తీరాలి. వాటి పక్కన విరిగితే పనికొస్తుందని అదనంగా ఒక తెడ్డు, సరస్సులూ నడకదారులూ గుర్తించిన మ్యాపు, దిక్సూచి, మందుల పెట్టె, తలకు కట్టుకునే దీపం, రెండు మూడుచోట్ల విడివిడిగా దాచిన అగ్గిపెట్టెలు. నీళ్లు వడకట్టే ఫిల్టరు కూడా అందులోనే చేరింది. సరస్సు నీళ్లు అద్దంలా కనబడినా వాటిలో జియార్డియా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది పేగుల్లో చేరితే విరేచనాలు వారాల తరబడి వదలవు. వడకట్టో మరిగించో తాగాల్సిందే.

రెండో కుప్ప దగ్గర నేను కొత్తగా నేర్చుకున్నది బట్టల సంగతి. మనం పుట్టిందే నూలు బట్టల్లో. కోలార్ ఎండకు పలుచని నూలు చొక్కాను మించింది లేదు. అక్కడ మాత్రం మా అల్లుడు, "మామయ్యా, నూలు ఒక్కటీ వద్దు" అని గట్టిగా చెప్పాడు. నూలు తడిస్తే నీళ్లు పట్టుకుని ఒంట్లో వేడి లాగేస్తుందట. ఊలు తడిసినా ఎంతో కొంత వెచ్చగానే ఉంటుంది. సెప్టెంబరు చివర్లో పగలు చొక్కా చాలు, రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చలి. అందుకని ఒంటికి అంటుకునే ఊలు బనీను, దానిమీద ఇంకో పొర, పైన గాలీ వానా ఆపే కోటు. పగటి బట్టలు తడిసినా ఫర్వాలేదు. రాత్రి కట్టుకునే జత మాత్రం సంచిలోంచి గుడారంలోనే బయటికి రావాలి. స్లీపింగ్ బ్యాగు కింద పరిచే గాలి పరుపును నేను మొదట మెత్తదనం కోసం అనుకున్నాను. అసలు పని చలిని ఆపడం. పై నుంచి వచ్చే చలికన్నా నేలలోంచి వచ్చేదే మనిషిని ఎక్కువ వణికిస్తుంది.

మూడో కుప్ప చిన్నది. అల్లుడికి కాఫీ గిన్నె, అమ్మాయికి రంగు పెన్సిళ్లు, నాకు ఒక నోటుబుక్కు.

ఆ కుప్పలను చూస్తుంటే మా నాన్న షిఫ్టుకు బయల్దేరడం గుర్తొచ్చింది. ఆయన ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశారు. ఆ గని భూమి లోపలికి 3 కిలోమీటర్లకు పైగా దిగుతుంది. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. ఆయన వెంట టోపీ, టోపీకి దీపం, నీళ్లు, ఇంత సద్ది ఉండేవి. షాఫ్టు దగ్గర టోకెన్ ఇచ్చి, కేజ్ అనే గని లిఫ్టులోకి ఎక్కేవారు. కేజ్ కిందికి దిగాక ఇంటిదగ్గర మర్చిపోయిన వస్తువును ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. అందుకే ఇల్లు దాటేముందు ప్రతిరోజూ దీపాన్నీ మూటనూ చేత్తో తడిమి చూసుకునేవారు. ఆ అలవాటుకు అర్థం నాకు బ్రాంప్టన్ హాల్లో పూర్తిగా తెలిసింది. ఎవరూ ఆదుకోలేని చోటికి వెళ్లేవాడికి సర్దుకోవడమే సగం పని.

తిండి విషయంలో పార్కువాళ్ల నియమం ఒకటుంది. లోపలి అడవిలోకి రేకు డబ్బాలు, గాజు సీసాలు తీసుకెళ్లకూడదు. వాడి పారేసే డబ్బాలకే ఈ నిషేధం. మళ్లీ మళ్లీ వాడుకునే పాత్రలకు లేదు. కాబట్టి నిమ్మకాయ ఊరగాయ సీసాలోంచి బిగుతు మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది. బరువంతా నీళ్లలోనే ఉంటుంది గనుక నీళ్లు లేని తిండి తీసుకెళ్లాలన్నది రెండో సూత్రం. ఇది మనకు కొత్త విద్య కాదు. తిరుపతికి నడిచివెళ్లిన మన పెద్దవాళ్లు అటుకులు, పేలపిండి, పొడులు, బెల్లం మూటగట్టుకునే వెళ్లారు. మేమూ వేయించిన రవ్వ, అటుకులు, కందిపొడి, చింతపండు, వేరుశనగ ఉండలు, ఎండబెట్టిన ఆకుకూర, పాలపొడి కట్టుకున్నాం. ఊరినుంచి నేను తెచ్చిన రాగిపిండిని అమ్మాయి ఏ ప్రశ్నా అడక్కుండా మొదటి కుప్పలోనే పెట్టింది.

ఏ పూటకాపూట పొట్లాలు కట్టి, వాటిమీద రోజు రాసి, గాలి చొరని నీలం పీపాలో పేర్చాం. ఆ పీపాకు భుజాలకు తగిలించుకునే పట్టీలుంటాయి. నీళ్లలో పడ్డా తేలుతుంది. బట్టలు, పడకలు నీళ్లు చొరని సంచుల్లోకి వెళ్లాయి. ఆ సంచి మూత వేసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ముందు సంచిమీద మోకాలు ఆనించి గాలంతా వెళ్లగొట్టాలి. అంచులు రెండూ కలిపి, చాప చుట్టినట్టు మూడు మడతలు బిగువుగా చుట్టాలి. తర్వాత రెండు కొసలూ వెనక్కి వంచి క్లిప్పు పెట్టాలి. మడత వదులైతే పడవ అడుగున చేరిన నీళ్లు రాత్రి పడకలోకి వస్తాయి. నా సంచి నేనే చుట్టాను. అల్లుడు నీళ్ల తొట్టిలో ముంచి చూసి తల ఊపాడు.

బయల్దేరిన రోజు దారంతా ఉత్తరానికే. టొరంటో చుట్టుపక్కల ఇళ్లూ గిడ్డంగులూ అయిపోయి మొక్కజొన్న పొలాలు వచ్చాయి. ఇంకాస్త పోయాక పొలాలు సన్నగిల్లి, రోడ్డుకు రెండువైపులా కోసిన రాతిగోడలు మొదలయ్యాయి. గులాబీ, బూడిద రంగుల చారలున్న పాత రాయి. కెనడియన్ షీల్డ్ అనే మహా రాతిపలక అక్కడినుంచి ఉత్తరానికి పరుచుకుని ఉంది. అల్గాంక్విన్ కింద ఉన్న రాయి వయసు 100 కోట్ల సంవత్సరాలకు పైనే. ఇంకా ఉత్తరాన టిమ్మిన్స్, కర్క్‌లాండ్ లేక్ అనే ఊళ్లలో బంగారు గనులున్నాయి. ఆ రాయీ, మా కోలార్ బంగారు రాయీ దాదాపు ఒకే కాలానివి. 270 కోట్ల ఏళ్ల నాటివి. ప్రపంచానికి ఆ చివర దిగి కూడా నేను ఎరిగిన రాతిమీదే నడుస్తున్నానన్న ఊహ ఎంతో ధైర్యాన్నిచ్చింది.

హంట్స్‌విల్ దాటాక మేపుల్ చెట్ల రంగులు మొదలయ్యాయి. ఎరుపు, నారింజ, పసుపు, వాటి నడుమ నల్లగా పైన్ చెట్లు. మన వైపు ఋతువు మారితే గాలిలో తెలుస్తుంది, మామిడి పూతలో తెలుస్తుంది. ఇక్కడ కొండలకు కొండలే రంగు మార్చుకుంటాయి. పది పన్నెండు రోజుల్లో అంతా రాలిపోతుందని తెలిసి జనం సెలవులు పెట్టి మరీ చూడటానికి వస్తారు.

మేం పడవెక్కింది కెనూ లేక్ అనే సరస్సు దగ్గర. మా పడవ కెవ్లార్ అనే గట్టి నారతో చేసింది. మనుషులు ముగ్గురూ మూటలన్నీ పట్టేంత పొడుగున్నా బరువు 20 కిలోల చిల్లరే. సామాను ఎక్కించడానికీ ఒక క్రమం ఉంది. బరువైనవి పడవ నడిమధ్యన, అడుగుకు ఆనించి. తేలికవి పైన. ముందువైపు ఎక్కువైతే ముక్కు నీళ్లలోకి వంగుతుంది, వెనక ఎక్కువైతే గాలి పడవను ఇష్టం వచ్చినట్టు తిప్పుతుంది. అల్లుడు వెనక, అమ్మాయి ముందు, నేను మధ్యలో మూటల మధ్యన. వెనక కూర్చున్నవాడు తెడ్డు లాగిన ప్రతిసారీ చివర్లో మణికట్టు తిప్పి, నీటిని కొంచెం బయటికి తోస్తాడు. ఆ చిన్న మెలికే పడవను తిన్నగా నడిపిస్తుంది.

ఆ సరస్సు ఒడ్డున పిల్లలకు వేసవి శిబిరాలున్నాయి. మగపిల్లల కోసం అహ్మెక్ 1921లో, ఆడపిల్లల కోసం వాపొమియో 1924లో మొదలయ్యాయి. కెనడా ప్రధానిగా పనిచేసిన పియెర్ ట్రూడో చిన్నతనంలో ఇక్కడే పడవ నడిపాడు. మన చెరువుల దగ్గర పిల్లలకు మనం చెప్పే మొదటి మాట "దగ్గరికి పోవద్దు". వీళ్లు పిల్లలను నీళ్లలో దించి, పడవ తిరగబడితే ఏం చెయ్యాలో ముందుగా నేర్పుతారు. మన ఊళ్లలో ప్రతి వేసవిలోనూ చెరువుల్లో, క్వారీ గుంటల్లో పిల్లలు పోతున్న వార్తలు చదివేవాళ్లం కాబట్టి ఈ తేడా నాకు గుండెకు తాకింది. ఈత, లైఫ్ జాకెట్ మన బళ్లలో కూడా పాఠం కావాలి.

సరస్సు ఉత్తరపు కొసన ఒక రాతి స్మారకం ఉంది. టామ్ థామ్సన్ అనే చిత్రకారుడి పేరిట 1930లో కట్టారు. కెనడా అడవులను బొమ్మల్లోకి తెచ్చినవాళ్లలో ఆయన అగ్రగణ్యుడు. 'ది జాక్ పైన్' వంటి ఆయన బొమ్మలు అక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. ఈ సరస్సుల్లో ఏళ్ల తరబడి ఒంటరిగా పడవ నడిపిన మనిషి. 1917 జూలైలో ఇదే కెనూ లేక్‌లో చనిపోయాడు. ప్రమాదవశాత్తు మునిగిపోయాడని అధికారులు తేల్చారు. జనం దానిమీద ఇప్పటికీ తర్కిస్తూనే ఉన్నారు. ఆయన 40వ పుట్టినరోజుకు ఇంకా నెల రోజులు కూడా లేవు. అంత అనుభవం ఉన్నవాడికే అలా జరిగిందంటే నీటి దగ్గర మనిషి ఎంత ఒద్దికగా ఉండాలో ఆ రాయి చెబుతుంది. నేను జాకెట్ పట్టీలు ఇంకోసారి బిగించుకున్నాను.

కెనూ లేక్ నుంచి జో లేక్‌కు వెళ్లాలంటే ఒక చిన్న ఆనకట్ట పక్కగా 300 మీటర్ల లోపు నడక ఉంది. ఆ దారిని అక్కడ పోర్టేజ్ అంటారు. ఒడ్డున పసుపుపచ్చ బోర్డు ఉంటుంది. పడవ మధ్యలో అడ్డంగా మెడకు ఇమిడేలా చెక్కిన కాడి ఉంటుంది. అల్లుడు పడవను తొడమీదికి లేపి, ఒక్క ఊపున తిప్పి, కాడిని భుజాలమీద నిలుపుకున్నాడు. పీపా అమ్మాయి వీపున, సంచి నా వీపున. అప్పుడు తెలిసింది, హాల్లో ఆ ప్రశ్న ఎందుకు అడిగేదో. పక్కకు పోయిన ప్రతి వస్తువూ ఇక్కడ నా మోకాళ్లకు మేలు చేసింది.

ఎదురుగా నాకన్నా పెద్దవయసు దంపతులు వస్తున్నారు. పడవ మోస్తున్నవాడికి చుట్టూ ఏమీ కనబడదు కాబట్టి అతనికి దారి ఇవ్వడం అక్కడి మర్యాద. ఇద్దరూ పొదల్లోకి జరిగి నిలబడ్డారు. మేం దాటాక ఆవిడ వెనకే వచ్చి, మధ్యాహ్నం పడమటి గాలి లేస్తుంది, పడమటి ఒడ్డు వెంబడే పోండి, అక్కడ చెట్ల చాటు ఉంటుంది అని చెప్పింది. ఎక్కడివాళ్లని అడిగింది. ఇండియాలో బంగారు గనుల ఊరు అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి; వాళ్ల నాన్న టిమ్మిన్స్ గనుల్లో పనిచేశాడట. ఆ దారి పక్కనే నిలబడి ఇద్దరం కేజ్‌ల గురించి, దీపాల గురించి మాట్లాడుకున్నాం. పోతూ పోతూ మేమిచ్చిన వేరుశనగ ఉండలు రెండు నోట్లో వేసుకున్నారు.

జో లేక్ దాటి ఇంకో సరస్సు ఒడ్డున గుడారం వేశాం. చెట్టుకు కొట్టిన నారింజ రంగు గుర్తే అక్కడ చిరునామా. రాళ్లతో పేర్చిన పొయ్యి, వెనక అడవిలో గోడలూ కప్పూ లేని ఒక చెక్కపెట్టె మరుగుదొడ్డి, అంతకుమించి ఏమీ లేవు. మాకన్నా ముందు బస చేసినవాళ్లు పొయ్యి పక్కన చీల్చిన ఎండుకట్టెలు పేర్చి వెళ్లారు. వాళ్లు మమ్మల్ని చూడలేదు, మేం వాళ్లను చూడబోం. తర్వాత వచ్చేవాడికి తొలిపూట కష్టం కాకూడదని చేసిన పని అది. మన పాత సత్రాల్లో, పూటకూళ్ల ఇళ్లలో ఇలాంటి మర్యాద ఉండేదని పెద్దవాళ్లు చెప్పగా విన్నాను.

సాయంత్రం సంగటి వండాను. ఎసరు తెర్లాక ఉప్పు వేసి, రాగిపిండిని కుప్పగా నడుమ పోసి, కదపకుండా కాసేపు ఉడకనిచ్చాను. పిండి చుట్టూ బుడగలు లేచి పైకి పొంగాక చెక్క గరిటెతో అంచునుంచి లోపలికి కెలికాను. గిన్నె జారకుండా రెండు పాదాల మధ్య చెక్కముక్కలతో బిగించుకుంటే, మా అమ్మ మైనింగ్ లైన్లలోని ఇంటి వసారాలో కూర్చున్న తీరు ఒంటికి దానంతటదే వచ్చింది. ఎండు ఆకుకూర, చింతపండు వేసి పలుచని పులుసు. తడిచేత్తో ముద్దలు చేసి, నడుమ గుంట పెట్టి పులుసు పోసుకున్నాం. రోజంతా తెడ్డు వేసిన పిల్లలు మారు మాట్లాడకుండా తిన్నారు. తక్కువ బరువు, తక్కువ వంట, రాత్రంతా నిలిచే బలం. పడవ ప్రయాణానికి రాగిపిండిని మించిన సరుకు నాకు కనబడలేదు.

తిన్న తర్వాత పని అసలైన పని. గిన్నెలు నీటి ఒడ్డుకు దూరంగా కడగాలి. సరస్సులో సబ్బు కలవకూడదు. వాసన వచ్చేది ఏదైనా, టూత్‌పేస్టుతో సహా, పీపాలోకి వెళ్లాలి. ఆ పీపాను గుడారానికి దూరంగా, తాడుతో కొమ్మమీదుగా నాలుగు మీటర్ల ఎత్తుకు లాగి, మానుకు తగలకుండా వేలాడదీయాలి. ఇదంతా ఎలుగుబంటికి అందకుండా. అక్కడి ఎలుగు నల్లది, సాధారణంగా మనిషిని చూస్తే తప్పుకునేదే. ఒక్కసారి మనిషి తిండి రుచి మరిగితే మాత్రం బసల చుట్టూ తిరుగుతుంది, చివరికి దాన్ని కాల్చేయాల్సి వస్తుంది. మన అజాగ్రత్తకు దాని ప్రాణం పోకూడదు కాబట్టే ఈ తాడు.

చీకటి పడ్డాక లూన్ అనే నీటిపక్షి కూసింది. కెనడా డాలరు నాణెంమీద ఉన్న పక్షి అదే. పొడుగ్గా, ఎవరినో పిలుస్తున్నట్టున్న ఆ కూత సరస్సు ఒక ఒడ్డున లేచి ఇంకో ఒడ్డున వినబడింది. చలి దిగింది. అమ్మాయి మరిగించిన నీళ్లు సీసాలో పోసి, మేజోడు తొడిగి నా స్లీపింగ్ బ్యాగు కాళ్లవైపు పెట్టింది. తెల్లారేదాకా పాదాలు వెచ్చగానే ఉన్నాయి. పొద్దున్నే మంచుతెరలో, రెల్లు పెరిగిన మూల, మూస్ అనే పెద్ద దుప్పి ఒకటి మోకాలి లోతు నీళ్లలో నిలబడి మేస్తోంది. తల ఎత్తి చూసి, మళ్లీ మేతలో పడింది.

పగళ్లన్నీ సరస్సులమీద గడిపాం. అల్గాంక్విన్‌లో రెండు వేలకు పైగా సరస్సులున్నాయి. మంచుయుగంలో హిమానీనదాలు రాయిని దొలిచి, పది పన్నెండు వేల ఏళ్ల కింద కరిగి వెనక్కి తగ్గితే మిగిలిన గుంటలవి. మా కోలార్ జిల్లాలోనూ చెరువులు వేలల్లో ఉన్నాయి. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని సీమ మాది. పాలారు కూడా వానలకు పారేదే. అందుకే ఊరూరా జనం కట్టలు పోసి వాన నీటిని ఆపారు. ఒక చెరువు నిండితే దాని అలుగు కింది చెరువుకు పోయేలా వరసలు కుదిర్చారు. బేతమంగళలో పాలారుకు కట్టిన చెరువు నుంచే గనులకు తాగునీళ్లు వచ్చేవి. అక్కడ ప్రకృతి ఇచ్చినదాన్ని కాపాడుకుంటున్నారు. ఇక్కడ మన తాతలు చెమటోడ్చి చేసినదాన్ని మనం పూడికకూ ఆక్రమణలకూ వదిలేశాం. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి మా జిల్లా చెరువులకు పంపుతున్నారు. నీళ్లు కనబడుతున్నందుకు సంతోషమే. ఆ అల్గాంక్విన్ నీటిని దోసిట పట్టి చూసినప్పుడు మాత్రం మన చెరువులకు మనం ఎంత బాకీ ఉన్నామో అనిపించింది.

అల్గాంక్విన్ ఎప్పుడూ ఇలా ఎవరూ తాకని అడవిగా లేదు. ఆ పేరుగల ఆదివాసీ ప్రజలది ఆ నేల. బర్చ్ చెట్టు బెరడు ఒలిచి, స్ప్రూస్ చెట్టు వేళ్లతో కుట్టి, జిగురు పూసి పడవలు చేసిన నేర్పు ఆ ప్రాంతపు ఆదివాసులది. మా కెవ్లార్ పడవ ఆకారం వాళ్లు దిద్దిందే. ఆ భూమిమీద తమ హక్కు కోసం వాళ్లు ఇప్పటికీ ప్రభుత్వంతో మాట్లాడుతున్నారు. 19వ శతాబ్దంలో కలప కంపెనీలు వచ్చి, ఆకాశాన్నంటిన తెల్ల పైన్ చెట్లను నరికి నదుల్లో తేల్చుకుపోయాయి. కెనూ లేక్ ఒడ్డునే 1890లలో గిల్మర్ అనే కంపెనీ మిల్లు పెడితే మోవాట్ అనే ఊరు వెలిసింది. వందలమంది బతికిన ఊరు. కొద్ది ఏళ్లలోనే కంపెనీ దెబ్బతింది, ఊరు ఖాళీ అయింది. టామ్ థామ్సన్ బస చేసింది ఆ ఊళ్లో మిగిలిన ఒక లాడ్జిలోనే. తిరుగుప్రయాణంలో ఆ ఒడ్డు పక్కగా వచ్చాం. నీటిమీంచి చూస్తే చెట్లే. లోపల ఒక చిన్న శ్మశానం ఉందని చెప్పారు. పార్కులో కొన్ని భాగాల్లో ఇప్పటికీ కలప కొడుతున్నారు. అయినా మోవాట్‌ను మాత్రం అడవి తిరిగి తీసుకుంది.

కంపెనీ ఊరు ఖాళీ కావడమంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలార్ బంగారాన్ని తవ్వడం మొదలుపెట్టింది. 1956లో గనులు ప్రభుత్వానికి వచ్చాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారం బయటికి పోయింది. టన్ను రాయిని పిండిగా కొట్టి, సైనైడు నీళ్లలో బంగారాన్ని కరిగించి లాగితే చివరి ఏళ్లలో దక్కింది కొన్ని గ్రాములే. మిగిలిన పిండి అంతా ఊరి పక్కనే పోశారు. ఆ సైనైడు దిబ్బలు రాబర్ట్‌సన్‌పేట చుట్టూ ఇప్పటికీ కొండల్లా నిలబడి ఉన్నాయి. గాలికాలంలో ఆ తెల్లదుమ్ము ఇళ్లలోకి, బావుల్లోకి, పిల్లల ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. మోవాట్‌లో మిగిలింది చెక్కపొట్టు, దానిమీద చెట్లు లేచాయి. మా దిబ్బలమీద గడ్డి మొలవడమే కష్టం.

బస ఖాళీ చేసిన పొద్దున అమ్మాయి నడుం వంచి ఆ చోటంతా వెతికింది. రేకు కాగితం ముక్క, తెగిన దారం, రాలిన వేరుశనగ పలుకు కూడా ఏరింది. పొయ్యిమీద నీళ్లు పోసి, బూడిద కలియబెట్టి, అరచేయి ఆనించి చల్లబడిందని చూసుకున్నాకే లేచింది. అల్లుడు కొన్ని కట్టెలు చీల్చి పొయ్యి పక్కన పేర్చాడు. మేం పోగుచేసిన చెత్తంతా ఒక చిన్న సంచిలో పట్టింది. దాన్ని నేనే తీసుకున్నాను. పోర్టేజ్ దారిలో ఆ సంచి నా చేతిలో ఉన్నంతసేపూ మా ఊరి దిబ్బలే కళ్లముందున్నాయి. బంగారం కోసం మా ఊరికి వచ్చినవాళ్లకు ఈ ఒక్క నియమం పెట్టి ఉంటే, పోయేటప్పుడు శుభ్రం చేసి పొమ్మని చట్టం ఉండి ఉంటే, మా పిల్లలు మంచి గాలి పీల్చేవారు. ఇప్పుడు ఆ దిబ్బల్లో మిగిలిన బంగారం కోసం మళ్లీ ప్రయత్నాలు సాగుతున్నాయి. ఈసారైనా తీసుకునేవాళ్లు ఏం తీసుకుంటారన్నది ఎంత ముఖ్యమో, ఏం వదిలిపోతారన్నది అంతకన్నా ముఖ్యం కావాలని మా ఊరు గట్టిగా అడగాలి.

అమెరికాలో, కెనడాలో ఉన్న మన పిల్లలు ఇలాంటి ప్రయాణాలకు వెళ్తున్నారు, వెంట పెద్దవాళ్లను కూడా తీసుకెళ్తున్నారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదీ. లైఫ్ జాకెట్ ఒడ్డుమీదే కట్టుకోండి, దిగాకే విప్పండి. నూలు బట్టలు ఇంట్లో ఉంచి ఊలు తీసుకెళ్లండి. పడకా, రాత్రి బట్టలూ నీళ్లు చొరని సంచిలో పెట్టి, ఇంట్లోనే నీళ్లలో ముంచి చూసుకోండి. తిండి పూటలవారీగా కట్టుకోండి, ఒక్క పూట అదనంగా ఉంచుకోండి. కట్టిన మూటలన్నీ ఒకసారి వీపున వేసుకుని వీధి చివరిదాకా నడిచి రండి. బరువనిపిస్తే "ఉంటే బావుంటుంది" అన్నవాటిని తీసెయ్యండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో ఉన్నవాళ్లకు రాసి ఇవ్వండి.

అల్గాంక్విన్‌దాకా పోలేనివాళ్లకు బేతమంగళ చెరువు కట్ట ఉంది, అంతరగంగ కొండ ఉంది, ఎవరి ఊళ్లో వాళ్లకు ఒక చెరువు ఉంది. ఆదివారం పులిహోర కట్టుకుని అక్కడికి వెళ్లేటప్పుడు ఒక ఖాళీ సంచి కూడా పట్టుకెళ్లండి. మీరు తెచ్చినదంతా అందులో వేసి, చోటు ఉంటే పక్కవాళ్లు పారేసినది కూడా వేసి ఇంటికి తీసుకురండి.